ఇన్సులిన్ డోసు పెంచుతున్నా షుగర్ దిగట్లేదా? ముందు సీసా, సిరంజి, పొట్ట చూడండి

ప్రశ్న సారాంశం ఇది. సోంపేట దగ్గర పల్లె. అమ్మకి 56 ఏళ్లు, 62 కిలోల బరువు, షుగర్ వచ్చి 14 ఏళ్లు. మూడేళ్లుగా 30/70 ఇన్సులిన్ సీసా తెచ్చి, సిరంజితో ఉదయం 26, రాత్రి 20 యూనిట్లు వేస్తున్నారు. అయినా పరగడుపున 230 నుంచి 280 ఉంటోంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 10.6. డాక్టరు గారు మూడుసార్లు డోసు పెంచారు. అలా ఉంటూనే వారానికి రెండు మూడు సార్లు పగలు పదకొండు, పన్నెండు గంటలకి చెమటలు పట్టి కాళ్లూ చేతులూ వణుకుతున్నాయి. ఇంకా పెంచాలా, మందు మార్చాలా?

రెండూ ఇప్పుడే వద్దు. పొద్దున 280, మధ్యాహ్నం చెమటలు, ఈ రెండూ ఒకే మనిషికి ఉన్నాయంటే డోసు చాలడం లేదని చెప్పలేం. 62 కిలోల మనిషికి రోజుకి 46 యూనిట్లు మరీ తక్కువ కాదు. వేసిన మందు ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా పనిచేస్తోందన్నదే నాకు ఎక్కువ అనుమానం. ఆ సంగతి తేలకుండా నాలుగోసారి పెంచితే ఏదో ఒక రాత్రి షుగర్ 40కి పడిపోతుంది.

మొదటి పరీక్షకి ల్యాబ్ అక్కర్లేదు, లెక్క చాలు. మన దగ్గర ఎక్కువగా అమ్మే ఇన్సులిన్ సీసా 10 మిల్లీలీటర్లది. మిల్లీలీటరుకి 40 యూనిట్లు, అంటే సీసా మొత్తానికి 400. రోజుకి 46 చొప్పున తొమ్మిదో రోజుకి సీసా అయిపోవాలి, నెలకి దాదాపు మూడున్నర సీసాలు కావాలి. మీరు నెలకి ఎన్ని కొంటున్నారు? సీసా మూడు వారాలు వస్తోందంటే సిరంజి తప్పు. ఎర్ర మూత ఉన్నది 40 సిరంజి, నారింజ రంగు మూత ఉన్నది 100 సిరంజి. 40 సీసాలోంచి 100 సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. మందుల షాపులో ఎర్ర మూతవి అయిపోయి నారింజవి చేతిలో పెట్టడం, ఇంట్లో ఎవరూ గమనించకపోవడం మామూలే. దీనికి తిరగబడ్డ తప్పు ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ పెన్నులో వేసే కాట్రిడ్జ్ (చిన్న మందు గొట్టం) మిల్లీలీటరుకి 100 యూనిట్లది. పెన్ను పాడైందని అందులోంచి 40 సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళ్తాయి. ప్రాణం మీదకి వస్తుంది. కాట్రిడ్జ్‌లోంచి సిరంజితో ఎప్పుడూ తీయకూడదు. కొన్న ప్రతిసారీ సీసా మీద అంకె, సిరంజి మీద అంకె పక్కపక్కన పెట్టి చూసుకోండి, రెండూ 40 అనే ఉండాలి.

సీసా మరీ తొందరగా అయిపోయినా అనుమానించాలి. కళ్లు సరిగా కనపడక ఎక్కువ లాగేస్తున్నారేమో చూడాలి. అమ్మగారే స్వయంగా వేసుకుంటుంటే ఒకరోజు పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా, మొదటి నుంచి చివరిదాకా చూడండి.

ఇక సీసా. 30/70 అంటే అందులో 30 వంతులు త్వరగా పనిచేసే రెగ్యులర్, 70 వంతులు నిదానంగా పనిచేసే ఎన్‌పీహెచ్. రెగ్యులర్ నీళ్లలా తేటగా ఉంటుంది. ఎన్‌పీహెచ్ తెల్లటి పొడిలా అందులో తేలుతుంది, కదపకుండా ఉంచితే అడుగుకి దిగిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాని వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూడండి. పైన తేట నీరు, అడుగున సున్నంలా తెల్లటి పొర. దాన్ని అలాగే తలకిందులు చేసి లాగేస్తే సిరంజిలోకి వచ్చేది ఎక్కువగా ఆ తేట మందే. అది ఉదయం 7కి వేస్తే 9 నుంచి 11 లోపు గట్టిగా పనిచేసి చెమటలు పట్టిస్తుంది. తర్వాత సాయంత్రం దాకా నిలబడి పనిచేయాల్సిన మందు ఒంట్లో ఉండదు. రాత్రి డోసుదీ అదే కథ, తెల్లారేసరికి 280. పైగా తేట ముందే అయిపోయి సీసా చివరికి వచ్చేసరికి తెల్ల మందు చిక్కగా మిగులుతుంది. అప్పుడు అదే 20 యూనిట్లు ఇంకోలా పనిచేస్తాయి. సీసా మొదట్లో ఒక రకం, చివర్లో ఒక రకం రీడింగులు వస్తున్నాయంటే కారణం ఇదే కావచ్చు. అమ్మగారి లక్షణాలు దీనికి చాలావరకు సరిపోతున్నాయి.

కలపడం ఇలా. సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టి నిదానంగా పదిసార్లు దొర్లించండి, తర్వాత పదిసార్లు పైకీ కిందకీ తిప్పండి. సీసా అంతా ఒకే రంగులో, పాలలా కనపడాలి. గిలకొట్టకూడదు, నురగ వచ్చి బుడగలు సిరంజిలోకి వస్తాయి, డోసు తగ్గుతుంది. ఎంత కలిపినా ముక్కలు తేలుతుంటేనో, సీసా గోడకి మంచు పట్టినట్టు తెల్లగా అంటుకుంటేనో ఆ సీసా పాడైంది, పారేయండి.

లాగేటప్పుడు ఎన్ని యూనిట్లు కావాలో అంత గాలి ముందు సిరంజిలోకి తీసి సీసాలోకి ఎక్కించండి. అప్పుడు మందు సులువుగా వస్తుంది. సీసా తలకిందులు చేసి, గీతకి కంటిని ఎదురుగా ఉంచి లాగండి. బుడగలుంటే వేలితో తట్టి వెనక్కి నెట్టి మళ్లీ లాగండి. బుడగ ఒంట్లోకి వెళ్తే ప్రమాదమని చాలామంది భయపడతారు. చర్మం కింద దానివల్ల ప్రమాదం లేదు, బుడగ ఉన్నంత మేర మందు తగ్గడమే నష్టం.

ఇప్పుడు పొట్ట. మూడేళ్లుగా రోజుకి రెండు సూదులంటే రెండు వేలకు పైగా. సాధారణంగా నొప్పి తెలియని ఒకే చోట, బొడ్డు పక్కన వేసుకోవడం అలవాటైపోతుంది. అక్కడ కొవ్వు గట్టిపడి ఉండ కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టే అక్కడే వేయాలనిపిస్తుంది. ఆ ఉండలోకి వెళ్లిన మందు రక్తంలోకి సరిగ్గా చేరదు. ఒక్కోసారి అక్కడే నిలిచిపోతుంది, ఒక్కోసారి వేళకాని వేళలో విడుదలవుతుంది.

చూడటం కష్టం కాదు. అమ్మగారిని వెల్లకిలా పడుకోబెట్టండి. వేళ్లకి కొంచెం సబ్బునీరో కొబ్బరినూనో రాసుకుని, పక్క నుంచి బొడ్డు వైపుకి మెల్లగా నొక్కుతూ జరపండి. మామూలు చర్మం మెత్తగా, పట్టుకుంటే రెండు వేళ్ల మధ్య సన్నటి మడతలా వస్తుంది. ఉండ ఉన్నచోట లోపల కలిపిన పిండిముద్ద తగిలినట్టు ఉంటుంది, చిటికెలో పట్టుకోవడానికి లొంగదు. పైకి ఏమీ కనపడకపోయినా వేళ్లకి తెలుస్తుంది. దొరికితే రాసుకునే పెన్నుతో చుట్టూ గీత గీసి, ఆ గీత లోపల కొన్ని నెలల పాటు సూది వేయకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది, దయచేసి రెండుసార్లు చదవండి. ఉండలోంచి మంచి చర్మంలోకి మారిన రోజు నుంచి అదే డోసు ఎక్కువ పనిచేస్తుంది. ఇన్నాళ్లూ 20లో ఎన్నో కొన్ని మాత్రమే చేరుతున్నాయి, ఇప్పుడు ఇరవయ్యీ చేరతాయి. చోటు మార్చే ముందు డాక్టరు గారికి చెప్పండి. చాలామంది 10 నుంచి 20 శాతం తగ్గించి మొదలుపెట్టమంటారు. సరిగ్గా కలపడం మొదలుపెట్టినప్పుడూ, తప్పు సిరంజి మార్చినప్పుడూ ఇదే జాగ్రత్త. మరీ ముఖ్యంగా, నారింజ సిరంజితో 8 యూనిట్లే వెళ్తున్న మనిషికి ఎర్ర సిరంజి ఇచ్చి ఒక్కసారిగా 20 వేయకండి. అసలు డోసు ఎంతుండాలో డాక్టరు గారే మళ్లీ లెక్క కట్టాలి.

చోట్లు మార్చే పద్ధతి: ఉదయం సూది పొట్టకి, రాత్రి సూది తొడ బయటివైపుకి. తొడలోంచి మందు నిదానంగా ఎక్కుతుంది, రాత్రికి అదే మంచిది. పొట్టని బొడ్డు మధ్యగా నాలుగు భాగాలు అనుకుని వారానికి ఒక భాగం వాడండి. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలేయండి. ఒక సూదికీ ఇంకో సూదికీ ఒక వేలి వెడల్పు దూరం ఉండాలి. సిరంజి సూది 8 మి.మీ.ది అయితే చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలుతో పైకి పట్టి 45 డిగ్రీల వాలుగా గుచ్చండి. 6 మి.మీ.ది అయితే పట్టుకుని నిటారుగా గుచ్చండి. మందంతా నొక్కాక పది లెక్కపెట్టి తీయండి. పెన్ను వాడేవాళ్లు ప్రతిసారీ ముందు 2 యూనిట్లు గాలిలోకి వదిలి చుక్క కనపడ్డాకే డోసు తిప్పాలి. 4 మి.మీ. సూది అయితే చర్మం పట్టుకోవాల్సిన పని లేదు. సిరంజి ఒక్కసారికే అని ప్యాకెట్ మీద ఉంటుంది, సరైన పద్ధతి అదే. ఖర్చు వల్ల మళ్లీ వాడినా మొద్దుబారిన సూదితో వారాల తరబడి లాగించకండి. ఉండలు కట్టడానికి అదీ ఒక కారణం. వాడిన సూదుల్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించండి, పెంటకుప్ప మీద పడేస్తే ఇంకొకరి కాలికి గుచ్చుకుంటుంది.

తిండికీ సూదికీ మధ్య వేళ సంగతి. ఈ రకం ఇన్సులిన్ తినడానికి అరగంట ముందు వేయాలి. తింటూనో తిన్నాకో వేస్తే అన్నం ముందు ఎక్కి, మందు వెనక పరిగెడుతుంది. రాత్రి 7 గంటలకి వేసి, 9.30కి తింటే మధ్యలో పడిపోయే ప్రమాదం. ఇంకో ముఖ్యమైన విషయం: ఉదయం 7కి వేసిన ఎన్‌పీహెచ్ పదకొండు దాటాక గట్టిగా పనిచేస్తుంది. అప్పటికి మధ్యాహ్న భోజనం దగ్గర పడాలి. పొలం నుంచో జీడి పని నుంచో వచ్చి రెండు గంటలకి తినే మనిషికి పన్నెండుకి చెమటలు పట్టడంలో ఆశ్చర్యం లేదు. భోజనం 12.30 నుంచి 1 గంట లోపు పెట్టుకోండి. అది కుదరని రోజు పదిన్నరకి రెండు ఇడ్లీలో, గుప్పెడు ఉడికించిన శనగలో తినిపించండి.

ఇవన్నీ సరిచేశాక అంకెలు. అంకెలు లేకుండా డోసు మార్చడమంటే చీకట్లో గురి చూడటమే. వారం రోజులు ఒక నోటుబుక్కులో రాయండి: పరగడుపున, టిఫిన్ తిన్న రెండు గంటలకి, మధ్యాహ్న భోజనానికి ముందు, రాత్రి భోజనానికి ముందు, పడుకునే ముందు. రెండు రాత్రులు అలారం పెట్టుకుని 3 గంటలకి. స్ట్రిప్పుల ఖర్చు భారమైతే రోజుకి రెండే చేయండి, కాని వేళలు మారుస్తూ వెళ్లండి: ఒకరోజు పరగడుపు, టిఫిన్ తర్వాత. మర్నాడు మధ్యాహ్నానికి ముందు, రాత్రికి ముందు. రోజూ పరగడుపు ఒక్కటే చూస్తే మిగతా 23 గంటలు చీకటే. పక్కనే వేసిన యూనిట్లు, వేసిన వేళ, తిన్న వేళ, ఎంత అన్నమో రాయండి.

చూసే ముందు చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. మామిడిపండో పనస తొనలో తిన్న వేలితో పరీక్షిస్తే 300 చూపించినా నమ్మక్కర్లేదు. వేలి కొసన కాకుండా పక్కగా గుచ్చండి. మన తీరం గాలిలో తేమ ఎక్కువ, స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే అవి పాడవుతాయి. మంచి మీటర్‌కి కూడా 15 శాతం అటూఇటూ ఉండే అవకాశం ఉంది. కాబట్టి 160, 175 రెండూ ఒకటే అనుకోండి, అంకె అంకెకీ కంగారు పడకండి.

చదివే పద్ధతి. రోజుకి రెండు పూటలా 30/70 వేసుకునేవాళ్లకి పరగడుపు అంకె రాత్రి డోసు చెప్పే మాట. రాత్రి భోజనానికి ముందు అంకె ఉదయం డోసు చెప్పే మాట. పరగడుపు ఎక్కువుందని ఉదయం డోసు పెంచితే మధ్యాహ్నం చెమటలు పడతాయి, తెల్లవారి అంకె కదలదు. మూడుసార్లు పెంచినప్పుడు ఏ పూటది పెంచారో పాత చీటీలు తీసి చూడండి.

మూడు గంటల అంకె ఎందుకంటే, పరగడుపు 250 వెనక మూడు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. పడుకునేటప్పుడే 280, మూడు గంటలకి 260, తెల్లారి 250 అయితే తప్పు రాత్రి భోజనంలోనో, ఆ పూట మందు అందకపోవడంలోనో ఉంది. మూడు గంటలకి 120 ఉండి తెల్లారేసరికి 240 అయితే మందు తెల్లవారుజాము దాకా నిలవడం లేదు, ఆ వేళకి లివర్ వదిలే చక్కెరని ఆపేవాళ్లు లేరు. అక్కడ రాత్రి డోసు పెంచితే మూడు గంటలకే పడిపోతారు. రోజంతా పనిచేసే రకానికి మారడమో, రాత్రి మందులోని ఎన్‌పీహెచ్‌ని విడిగా పడుకునే వేళకి జరపడమో డాక్టరు గారు ఆలోచిస్తారు. మూడు గంటలకి 70 కంటే తక్కువుంటే డోసు తగ్గించాలి, పరగడుపు ఎంతున్నా సరే. రాత్రి పడిపోయి తెల్లారి పెరగడం అనేది ఒకప్పుడు అనుకున్నంత తరచుగా జరగదు. కాని నిద్రలో పడిపోవడం ఎంత ప్రమాదమో తెలిసినవాళ్లు రెండు రాత్రుల నిద్ర పాడుచేసుకోవడానికి వెనకాడరు. రాత్రి చెమటకి జాకెట్టు తడవడం, పీడకలలు, పొద్దున తలనొప్పి దానికి గుర్తులు.

డోసు మార్చేది డాక్టరు గారే. మార్చే లెక్క మాత్రం మీకూ తెలిసి ఉండాలి. ఒకసారి ఒక పూటదే మార్చాలి, మార్పు సుమారు 10 శాతం, అంటే 2 యూనిట్ల దగ్గర. మూడు రోజులు ఆగి అంకెలు చూసి తర్వాతి అడుగు. కారణం తెలియకుండా 70 కిందకి పడిందంటే దానికి బాధ్యమైన డోసుని 10 నుంచి 20 శాతం తగ్గించాలి. ఒకరోజు 320 వచ్చిందని ఆ పూట పది యూనిట్లు అదనంగా వేయడం, మర్నాడు 110 వచ్చిందని అసలు మానేయడం, ఈ రెండూ కలిస్తే షుగర్ ఎప్పటికీ కుదురుకోదు.

మీది సోంపేట కాబట్టి ఇది తప్పకుండా చెప్పాలి. మీ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో షుగర్ లేనివాళ్లకి కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. 14 ఏళ్ల షుగర్ ఉన్నవాళ్లకి ముప్పు రెండు వైపుల నుంచి. కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష సీరం క్రియాటినిన్, దాన్నిబట్టి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె), మూత్రంలో అల్బుమిన్, హిమోగ్లోబిన్ ఈ నెలలోనే చేయించండి. సోంపేట ప్రభుత్వాసుపత్రిలో అడగండి. తేడా ఉంటే పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు ప్రారంభించిన 200 పడకల ఆసుపత్రి ఉంది. ఇన్సులిన్‌ని ఒంట్లోంచి తీసేసే పనిలో కిడ్నీలకి పెద్ద వాటా ఉంది. కిడ్నీ పని తగ్గినకొద్దీ అదే డోసు ఎక్కువసేపు ఉండిపోతుంది. ఏళ్ల తరబడి 250 ఉన్న మనిషికి ఏ కారణం లేకుండా షుగర్ తగ్గడం మొదలైతే ఇంట్లోవాళ్లు సంబరపడతారు, పసరు మందు పనిచేసిందనుకుంటారు. అది కిడ్నీ దెబ్బతిన్న గుర్తు కావచ్చు, వెంటనే క్రియాటినిన్ చూపించాలి. ఇన్సులిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ మాత్ర కూడా వేసుకుంటుంటే ఇంకా జాగ్రత్త, కిడ్నీ తేడా ఉన్నప్పుడు అది రోజు దాటినా షుగర్‌ని పడగొడుతూనే ఉంటుంది.

రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీని కూడా గుడ్డిగా నమ్మకూడదు. కొన్ని రకాల రక్తహీనతలో ఎక్కువ, కొన్నిట్లో తక్కువ చూపిస్తుంది. సీతంపేట, పార్వతీపురం వైపు ఏజెన్సీ వాళ్లలో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల లోపం) లక్షణం ఉన్నవాళ్లకి కూడా ఇదే ఇబ్బంది. అమ్మగారి 10.6 అంటే సగటు షుగర్ 258 దగ్గర. నోటుబుక్కులో అంకెలు ఆ చుట్టుపక్కలే ఉంటే రిపోర్టు సరైనదే. బుక్కులో అన్నీ 150 ఉండి రిపోర్టు 10.6 అంటే రెండిట్లో ఒకటి తప్పు.

మోకాళ్ల నొప్పులకి ఊళ్లో వేయించుకునే సూదుల గురించి అడగండి. వాటిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. నొప్పి మంత్రం వేసినట్టు పోతుంది, షుగర్ మాత్రం రోజుల తరబడి 350, 400కి ఎగబాకుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకి చేటు. ఏ మందు వేశారో పేరు రాయించుకోండి. పంటి చీము, మూత్రంలో మంట, కాలి పుండు కూడా షుగర్‌ని దిగనివ్వవు. బరువు తగ్గుతూ రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించండి, షుగర్ ఉన్నవాళ్లకి టీబీ తొందరగా పట్టుకుంటుంది.

తిండి విషయంలో పెద్ద ఉపన్యాసం అవసరం లేదు, ఒకే మాట: ఈ రకం ఇన్సులిన్ వేసుకున్నంత కాలం రోజూ ఒకే వేళకి, ఒకే కొలతలో తినాలి. వండిన అన్నం 150 గ్రాముల్లో 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. ఒక గిన్నె ఎంచుకుని, అన్నం దాంతోనే కొలిచి పెట్టండి. ముందు కూర, పప్పు, చేప తిని ఆ తర్వాత అన్నంలోకి వెళ్తే ఎక్కడం కొంచెం నెమ్మదిస్తుంది. చోడి (రాగి) అంబలి షుగర్‌కి మంచిదని మూడు గ్లాసులు తాగేవాళ్లున్నారు. చోడి పిండిలో కూడా 100 గ్రాములకి 70 గ్రాముల దగ్గర పిండిపదార్థమే. పలచగా కాచి తాగితే తొందరగా ఎక్కుతుంది కూడా. ఒక గ్లాసు తాగితే ఆ పూట అన్నంలో అంత తగ్గించాలి. పనస తొనలు 100 గ్రాములకి 23 గ్రాముల దాకా. కార్తీక సోమవారాలకి ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరు గారితో మాట్లాడండి, మామూలు డోసు వేసి తినకుండా ఉండకూడదు.

షుగర్ పడిపోయినప్పుడు, అంటే 70 కంటే తగ్గినప్పుడు: మూడు చిన్న చెంచాల పంచదార అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించండి, దాదాపు 15 గ్రాములు. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే. లడ్డూ, చాక్లెట్ వద్దు, కొవ్వు వల్ల ఆలస్యంగా ఎక్కుతాయి. కొబ్బరి తోటల మధ్య ఉన్నాం కాబట్టి చేతికి మొదట వచ్చేది కొబ్బరిబొండమే. దాంట్లో చక్కెర చాలదు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి పొటాషియం వల్ల ప్రమాదం కూడా. తేరుకున్నాక భోజనానికి గంటకి మించి వ్యవధి ఉంటే ఏదైనా తినిపించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. పొలానికి వెళ్లేటప్పుడు కొంగున పంచదార పొట్లం ఉండాలి, పక్కన పనిచేసేవాళ్లకి విషయం తెలిసి ఉండాలి. నాట్లు, కోతల రోజుల్లో పని ఎక్కువ, డోసు తగ్గించాల్సి రావచ్చు. కల్లు తాగే అలవాటున్నవాళ్లకి రాత్రంతా ముప్పే, మత్తని అనుకుని వదిలేస్తారు.

ఒకటి గుర్తుంచుకోండి. ఏళ్ల తరబడి 250లో ఉన్న ఒంటికి 120 దగ్గరే వణుకు రావచ్చు. అప్పుడు మీటర్ చూడండి. 70 పైనే ఉంటే పంచదార అక్కర్లేదు, కొంచెం తిని కూర్చుంటే చాలు. రెండు మూడు వారాల్లో ఒళ్లు అలవాటు పడుతుంది.

అందుకే దింపడం కూడా నిదానంగానే. 10.6 నుంచి మూడు నెలల్లో 8 దగ్గరికి వస్తే బాగా వచ్చినట్టే. మరీ వేగంగా దింపితే కంటి వెనక పొర ముందే దెబ్బతిని ఉన్నవాళ్లకి చూపు ఇంకా పాడయ్యే ప్రమాదం ఉంది, కాళ్లలో మంటలు కొత్తగా మొదలుకావచ్చు. డోసు సర్దకముందే కంటి పాప పెద్దది చేసి రెటీనా చూపించండి. షుగర్ దిగుతున్న వారాల్లో చూపు మసకబారడం మామూలే, రెండు నెలల దాకా కొత్త కళ్లద్దాలు చేయించకండి. మొదటి నెల పరగడుపు 160 లోపు, తర్వాత 80 నుంచి 130, తిన్న రెండు గంటలకి 180 లోపు చాలామందికి సరిపోయే గురి. కిడ్నీ, గుండె జబ్బులున్నా, పడిపోవడాలు ఎక్కువున్నా గురిని డాక్టరు గారు సడలిస్తారు.

సీసా నిల్వ. వాడనివి ఫ్రిజ్‌లో మధ్య అరలో, గడ్డకట్టే అరకి దూరంగా ఉంచండి. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు నీడలో నాలుగు వారాలు ఉంటుంది, మీకు అది తొమ్మిది రోజుల్లోనే అయిపోవాలి. ఫ్రిజ్ లేకపోతే పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత పెట్టి, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో సీసా ఉంచి, ఇసుక ఆరకుండా రోజూ నీళ్లు చల్లండి. వేసవిలో ఇంటి వేడికన్నా బాగా చల్లగా ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండు వారాలకి సరిపడా సీసాలు, సిరంజిలు, స్ట్రిప్పులు ముందే ఉంచుకోండి. కరెంటు పోయిందని సీసాలు పారేయక్కర్లేదు, నీడలో, చల్లటి కుండలో ఉంటే పనిచేస్తాయి. ఎండలో ఆపిన బండి డిక్కీలో ఒక్క మధ్యాహ్నం ఉన్న సీసాని మాత్రం నమ్మకండి.

జ్వరం, వాంతులు వచ్చిన రోజున తినలేదని ఇన్సులిన్ పూర్తిగా మానేయకండి. నాలుగు గంటలకోసారి షుగర్ చూసి, డాక్టరు గారికి ఫోన్ చేసి ఆ రోజు డోసు అడగండి. మెట్‌ఫార్మిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు ఉంటే వాంతులు తగ్గేదాకా ఆపాలా అనీ అడగండి. షుగర్ 300 దాటి వాంతులు, కడుపునొప్పి, లోతైన ఆయాసం ఉంటే ఫోన్లతో ఆలస్యం చేయకుండా అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డాక్టరు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు నోటుబుక్కుతో పాటు వాడుతున్న సీసా, ఒక సిరంజి, మూతతో సహా, వేసుకుంటున్న అన్ని మాత్రల షీట్లు ఒక సంచిలో పట్టుకెళ్లండి. ఇంట్లో ఎలా వేసుకుంటారో అక్కడి నర్సమ్మ ముందు అమ్మగారిచేతే చేయించి చూపించండి. పొట్ట మీద మీరు గీసిన పెన్ను గీతలు కడిగేయకుండా వెళ్లండి.